ఇంగ్లండ్ ఇంజనుకు పెర్కిట్ పానాలు

పాత ఇంగ్లండ్ మోటారు సైకిళ్ళ మీద కుర్రాళ్ళకు ఈమధ్య మళ్ళీ మోజు పుట్టింది. ఎవరి తాత కొట్టంలోనో, ఏ రైసుమిల్లు వెనకనో దుమ్ము పట్టిన బండి ఒకటి దొరుకుతుంది. దాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని ఆర్మూర్ పక్కన పెర్కిట్‌లో నా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. కొట్టు మూసి చాలా కాలమైందంటే వినరు. అందరూ అడిగేది ఒకటే: "పెద్దనాయినా, ఇంజన్ విప్పి మళ్ల కట్టాల్నంటే ఏమేం పానాలు గావాలె?"

పానా అంటే నట్టు తిప్పే స్పానరు. మా వైపు ప్రాణాన్ని పానం అంటాం. పానాకూ పానానికీ మధ్య ఉన్నది ఒక్క దీర్ఘమే, ఆ దీర్ఘం కోసం నువ్వు వయసంతా తగలేశావని మా ఇంటామె అంటుంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి ఇది రాస్తున్నాను. నా కొట్టు ఎట్లా పెరిగిందో ఇందులో ఉండదు, పెరగలేదు కనుక. బోర్డు రాసినవాడు అక్షరాలు పెద్దవిగా మొదలుపెట్టడంతో చోటు చాలక "మెకానిక్"లోని చివరి అక్షరం పక్కనున్న టైలరు గోడ మీద పడింది. చాలా ఏళ్ళు ఆ కాస్త తక్కువ మెకానిక్‌గానే బతికాను.

పానా మీది అంకె

ఇంగ్లండ్ బండి దగ్గర మొదటి మోసం పానా మీదే ఉంటుంది. మన మామూలు పానా మీద పద్నాలుగు అని ఉంటే దాని నోరు పద్నాలుగు మిల్లీమీటర్లు. ఇంగ్లండ్ పాత పానా మీద ఉండే అంకె నోటి కొలత కాదు, ఆ నట్టు ఎక్కే బోల్టు లావు. దీన్ని విట్‌వర్త్ కొలత అంటారు. పావు అంగుళం బోల్టు నట్టుకు మన పద్నాలుగు వదులు, పదమూడు ఎక్కదు. రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది.

ఈ సంగతి తెలియక ముందు నేను నిజామాబాద్‌లో ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుంటున్నాను. ఆయన పేరు వేరే ఉండేది కానీ ఊరందరికీ ఉస్తాదే. ఒకరోజు నాకు ఒక ఇంగ్లండ్ ఇంజను హెడ్డు విప్పమని చెప్పి చాయ్ తాగడానికి పోయాడు. నేను పద్నాలుగు నంబరు పానా పెట్టి బలంగా తిప్పాను. పానా తిరిగింది, నట్టు తిరగలేదు, దాని మూలలు మాత్రం పోయాయి. ఉస్తాద్ వచ్చి నట్టు మీద వేలు పెట్టి చూశాడు.

"విప్పమన్న గదరా మల్లేశ్. గడ్డం గొరగమన్ననా?"

ఆ నట్టు తియ్యడానికి ఉలి పట్టి నాలుగు గంటలు కూర్చోవలసి వచ్చింది. ఒక్క గంటలో చెప్పగలిగినదాన్ని నాలుగు గంటల్లో నేర్పడం ఆయన పద్ధతి.

కాబట్టి మొదట కొనవలసింది సరైన కొలత పానాలు. సర్దుకునే పానా, అంటే నోరు పెద్దదీ చిన్నదీ చేసుకునేది, ఇంజను దగ్గరికి రానివ్వకండి. అది అందరితోనూ సర్దుకుంటుంది, ఎవరినీ గట్టిగా పట్టుకోదు. నా సెట్టు పోచంపాడ్ పాత ఇనుము వ్యాపారి దగ్గర దొరికింది. అక్కడి డ్యామ్ కట్టిన కాలంలోని యంత్రాల వెంట వచ్చిన పానాలు గుట్టగా పోసి తూకానికి అమ్ముతున్నాడు. ఆ గుట్ట ముందు ఒక పూటంతా గొంతుక్కూర్చుని ఏరుకున్నాను. ఇంట్లో మాత్రం చేపలకు పోయానని చెప్పాను. సంచీ బరువు చూసి మా ఆమె నిజంగానే సంతోషపడింది, విప్పేదాకా.

ఉస్తాద్ చేతి మంట

ఉస్తాద్ గురించి ఒక్క ముక్క కచ్చితంగా చెప్పాలి. చెవి విషయంలో ఆయనను మించినవాణ్ణి నేను చూడలేదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు, పిడి చెవికి ఆనించి, లోపల ఏది అరిగిందో చెప్పేవాడు. కానీ ఆగడం తెలియదు. ఆగేవాడు పిరికివాడని ఆయన నమ్మకం.

ఇంజనులో పిస్టన్ తిప్పే క్రాంకును మోసే అల్యూమినియం పెట్టెను మేము చాంబరు అంటాం. దాని గూటిలో బేరింగు బిగుతుగా కూర్చుని ఉంటుంది. అల్యూమినియం వేడికి ఇనుము కన్నా ఎక్కువ సాగుతుంది కాబట్టి, చాంబరు మొత్తాన్ని సమంగా వేడిచేస్తే బేరింగు తనంతట తనే వదులుతుంది. ఉస్తాద్‌కు ఇది తెలుసు. తెలిసీ ఒకసారి తొందరలో బ్లో ల్యాంపు తెచ్చి ఒక్క వైపే మంట పట్టి, సుత్తి ఎత్తాడు. రెండో దెబ్బకు పగులు గూటి నుంచి బోల్టు రంధ్రం దాకా పాకింది. ఆ చాంబరుకు ఇంకొకటి దేశంలో ఎక్కడా దొరకలేదు. ఆ బండి మళ్ళీ రోడ్డెక్కలేదు. ఆయన బండివాడితో పాత లోహం అని చెప్పాడు. లోహం పాతదే, తప్పు మాత్రం కొత్తది.

సుత్తి కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఇనుప సుత్తి బయటి పనులకే. ఇంజనుకు సీసం సుత్తి కావాలి. నేను పాత బ్యాటరీ సీసం కరిగించి డబ్బాలో పోసి చేసుకునేవాణ్ణి. ఆ పొగ మంచిది కాదు, మీరు కొనుక్కోండి.

తొట్టి బండి

ఎనభైలు సగం దాటాయి. అప్పటికి పెర్కిట్‌లో రోడ్డు పక్క నా కొట్టు పెట్టుకున్నాను. పసుపు తవ్వకాలు మొదలైన రోజుల్లో ఎడ్లబండి మీద ఒక మోటారు సైకిల్ వచ్చింది. పాత ఇంగ్లండ్ సింగిల్ సిలిండరు, పక్కన మనిషి కూర్చునే తొట్టి, అంటే సైడ్‌కారు. దాని వెంట దేవదానం సారు నడుచుకుంటూ వచ్చాడు. మోర్తాడ్ అవతలి పల్లెలో చిన్న మిషన్ దవాఖానలో ఆయన కంపౌండరు. వెనకటి దొర డాక్టరు వెళ్ళిపోతూ ఆ బండి వదిలిపోయాడు. కాన్పు నొప్పులు కష్టమైన ఆడవాళ్ళను తొట్టిలో పరుపు వేసి కూర్చోబెట్టి ఆర్మూర్ పెద్ద దవాఖానకు తెచ్చేది ఆ బండే. చుట్టుపక్కల పల్లెల్లో దాన్ని తొట్టి బండి అనేవాళ్ళు.

కిక్ కొట్టించి స్క్రూడ్రైవరు చెవికి ఆనించాను. కింద కనెక్టింగ్ రాడ్డు మొదట్లో రోలర్లు అరిగిపోయి టకటకమంటున్నాయి. ఇంకొన్ని మైళ్ళు నడిపితే రాడ్డు చాంబరును చీల్చుకుని బయటికి వస్తుంది. ఇంజను మొత్తం విప్పాలి అన్నాను.

సారు చెప్పిందేమంటే, దవాఖాన కమిటీ పెద్దలు ఖర్చుతో విసిగిపోయారు. వానలు పడేలోపు నడిస్తే ఉంచుకో, లేకుంటే పాత ఇనుముకు వేస్తామని తీర్మానించారు.

"ఇది లేకుంటే నాకు మళ్ల ఎడ్లబండే, మల్లేశ్. పోయిన వానకాలం ఇది చెడిపోయినప్పుడు ఎడ్లబండి కట్టినం, వాగుకాడ దిగబడ్డది. పిల్లగాడు దక్కిండు, తల్లి దక్కలే. గా పిల్లగాడు కండ్లబడితే మొఖం తిప్పుకొని పోతున్న."

చేస్తానన్నాను. నిజానికి అటువంటి ఇంజను ఉస్తాద్ పక్కన ఉండగా విప్పానే తప్ప ఒంటరిగా ఎన్నడూ కట్టలేదు. ధైర్యంతో ఒప్పుకున్నానని అనుకోకండి. కాదనడానికి నోరు రాలేదు, అంతే.

కొనేవి, చేసుకునేవి

ఈ పనిలో సగం పనిముట్లు అంగట్లో దొరకవు. క్లచ్చును, నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో పళ్ళచక్రాన్ని ఊడబెరికే పుల్లర్లు మా ఊరి లేత్ మిషన్ నర్సయ్య చేసిచ్చాడు. పుల్లరు లేకుండా స్క్రూడ్రైవరు దూర్చి ఎగదోసేవాళ్ళను చూశాను. వాళ్ళ ఇంజన్లన్నీ అంచుల్లో ఎలుకలు కొరికినట్టు ఉంటాయి. ఫ్లైవీలు అనే బరువు చక్రం మధ్యలోని పెద్ద నట్టుకు ఒక సాకెట్టు, దానికి పిడిగా బోరుబావి పైపు ముక్క. వాల్వు స్ప్రింగు నొక్కే బిగింపు ఒకటి. వాల్వు సందు చూసే ఫీలర్ గేజి మాత్రం మంచిదే కొనండి, అందులో పొదుపు వద్దు. మాగ్నెటో పాయింట్లు సరిగ్గా ఎప్పుడు విడిపోతాయో తెలుసుకోవడానికి మోర్తాడ్ బీడీ కట్టల మీది పల్చటి కాగితం చాలు. పాయింట్ల మధ్య దాన్ని పెట్టి మెల్లగా లాగుతూ ఇంజను తిప్పితే, కాగితం జారిన క్షణమే నిప్పురవ్వ పడే క్షణం. నేను బీడీ తాగను, కానీ కొట్టులో కట్ట ఎప్పుడూ ఉండేది. ఆ కాగితం కోసమే అంటే మా మామ చివరిదాకా నమ్మలేదు.

రాడ్డుకు కొత్త పిన్నూ రోలర్లూ హైదరాబాద్‌లో పాత సామాన్ల గల్లీలో ఒక్క జత దొరికాయి. రెండోది లేదన్నాడు, నేనూ వెతికి చూశాను, నిజమే. వాటిని ఎక్కించి రెండు ఫ్లైవీళ్ళను బిగించాక అవి ఒకే వరుసలో తిరగాలి. నర్సయ్య లేత్ మీద రెండు మొనల మధ్య పెట్టి తిప్పుతూ, డయల్ గేజి ముల్లు ఎటు వంగితే అటు సీసం సుత్తితో తట్టాలి. నర్సయ్య గేజి చూస్తూ, నువ్వు కొట్టుడు, నేను తిట్టుడు అనేవాడు. ఇద్దరం మా వంతు సరిగ్గా చేశాం. సాయంత్రానికి ముల్లు కదలకుండా నిలిచింది.

లచ్చవ్వ కడాయి

ఇక మిగిలింది చాంబరును వేడిచేయడం. ఉస్తాద్ మంట నా కళ్ళ ముందు నుంచి పోలేదు. ఆర్మూర్ బేకరీ భట్టీ అడిగాను. బేకరీ ఆయన చాంబరును వాసన చూసి, రేపు నా బన్నులు ఇంజనాయిలు వాసనొస్తే నీ బండ్లోళ్ళకే అమ్మాలె అన్నాడు.

ఇంటికి వస్తుంటే పెర్కిట్ వెనక చేన్లల్లో పసుపు ఉడుకుతున్న ఆవిరి కనపడింది. అక్కడ లచ్చవ్వ పెద్ద ఇనుప కడాయి పెట్టి కొమ్ములు ఉడకబెడుతోంది. సొంత పసుపు చేను ఉన్న మనిషి. ఊళ్ళో పుట్టిన పిల్లలకు మొదటి నీళ్ళు పోయడానికి కూడా ఆమెనే పిలిచేవాళ్ళు. మరిగే నీళ్ళ వేడి నాలుగు వైపులా సమంగా పడుతుంది, బేరింగు వదలడానికి ఆ వేడి చాలు. సంగతి చెప్పి బతిమాలాను.

"ఇనుము ఉడికిందో లేదో ఎట్ల తెలుస్తది బిడ్డా? కొమ్ములకైతే పుల్ల గుచ్చి సూస్త. దీనికేం గుచ్చుతవ్?"

అయినా ఒప్పుకుంది. కొమ్ములు వెయ్యక ముందు, మంచినీళ్ళు మరిగేటప్పుడు చాంబరును తీగకు కట్టి దింపాం. తీసి చెక్క మీద ఒక్కసారి తట్టగానే పాత బేరింగు జారి గోనెసంచి మీద పడింది. సుత్తి ఎత్తనే లేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఉస్తాద్ మీద గెలిచినట్టనిపించింది. పాపం ఆయనకు పోటీ ఉన్న సంగతే తెలియదు.

కొత్త బేరింగులు ఎక్కించడానికి ఇంకో రోజు మళ్ళీ పోయాను. చాంబరులో నూనె పారే సన్నటి దారులు ఉంటాయి. పంపు నుంచి క్రాంకుకు నూనె వాటిలోంచే పోవాలి. వాటన్నిటినీ కిరసనాయిలుతో కడిగి, సైకిల్ పంపుతో ఊది చూసుకునే తీసుకెళ్ళాను. చాంబరు వేడిగా, బేరింగు చల్లగా ఉంటే పని తేలిక. అందుకని బేరింగులను ఐసు అమ్మేవాడి డబ్బాలో పెట్టించాను. వాటిని తేవడానికి రోడ్డు మీదికి పోతూ, కడాయిలోకి దింపి చూస్తుండమని లచ్చవ్వకు చెప్పాను. వచ్చేసరికి ఆమె చాంబరును పసుపునీళ్ళలోంచి అప్పుడే పైకి తీసి పెట్టింది. వేడి తగ్గక ముందే బేరింగులు పెడితే ఠక్కున కూర్చున్నాయి. చాంబరు మాత్రం పచ్చగా, పెళ్ళికొడుకులా తయారైంది. కొత్త బేరింగుల్లో చెత్త పడుతుందని మళ్ళీ గట్టిగా కడగకుండా గుడ్డతో తుడిచి ఇంటికి తెచ్చుకున్నాను.

నూనె తిరిగి రాలేదు

ఇంజను కట్టాం, బండిలో ఎక్కించాం. మబ్బులు పట్టడం అప్పటికే మొదలైంది. దేవదానం సారు ప్రార్థన చేసుకుని నిలబడ్డాడు. మూడో కిక్‌కు మొదలైంది. టకటక లేదు. పక్క కొట్టు టైలరు మిషను ఆపి బయటికి వచ్చాడు. నలుగురూ మూగారు.

ఇటువంటి ఇంజన్లకు నూనె వేరే ట్యాంకులో ఉంటుంది. పంపు దాన్ని లోపలికి పంపి మళ్ళీ ట్యాంకుకు తోడుతుంది. ఇంజను మొదలవగానే ట్యాంకు మూత తీసి చూడాలి, చిన్న గొట్టంలోంచి నూనె చిమ్ముతూ కనపడాలి. మూత తీశాను. ఒకసారి కొంచెం కక్కింది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

ఆ కొంచెం నేను కట్టేటప్పుడు పోసిన నూనె. కొత్తది లోపలికి పోవడం లేదన్నమాట. ఇంకాస్త నడిస్తే ఆ ఒక్క జత రోలర్లు మాడిపోతాయి.

ఇంజను ఆపేశాను. సారు ముఖం వాడిపోయింది.

"జరసేపు నడువనీ మల్లేశ్. ఇప్పుడే గద ఊపిరి తీసుకున్నది."

"లోపట నూనె తిరుగుతలేదు సార్. నడిస్తే సచ్చిపోతది."

మూగినవాళ్ళలో ఎవరో, శబ్దం బాగానే ఉంది గదా, మెకానిక్కే బాగా లేడేమో అన్నారు. అది నిజం కావచ్చు కూడా. పంపు కొత్తగా బిగించాను, పట్టుకోవడానికి కాస్త సమయం పడుతుందేమో, ఇంకో నిమిషం చూద్దామని నాకూ ఒక మనసు చెప్పింది. ఉస్తాద్ అయితే చూసేవాడు.

పక్క మూత విప్పాను. పంపు బాగుంది, దాని నోటిదాకా నూనె వస్తోంది. దాని అవతల చాంబరులోని దారి మూసుకుంది. తీగ తీసుకుని పొడవబోతుంటే సారు నా చెయ్యి పట్టుకున్నాడు. పొడిస్తే అడ్డం ఇంకా లోపలికి పోతుంది, వెనక నుంచి నెట్టాలి అన్నాడు. తన సంచిలోంచి పెద్ద గాజు సిరంజి తీసి, రబ్బరు గొట్టం తగిలించి, దారి రెండో కొస నుంచి కిరసనాయిలు నొక్కాడు. మొదట కదలలేదు. బొటనవేలు తెల్లబడేదాకా నొక్కాడు. అప్పుడు ఇవతలి రంధ్రం నుంచి ఒక సన్నటి చుట్ట బయటికి వచ్చి నా అరచేతిలో పడింది. విప్పి చూస్తే ఆకు. వాసన చూడక్కర్లేదు, ఆర్మూర్‌లో పుట్టినవాడికి పసుపాకు తెలుసు.

ఇద్దరం లచ్చవ్వ దగ్గరికి పోయాం. ఆమెకు దాచవలసింది ఏమీ లేదు.

"పిల్లగానికి నీళ్లు పోసేటప్పుడు చెవులల్ల దూది పెడ్తమా లేదా? గా తొర్రలల్ల పసుపునీళ్లు పోతే లోపట నిమ్ము పడుతదని ఆకు జుట్టి పెట్టిన. నువ్వొచ్చేముందు అన్ని తీసిన. ఒకటి కండ్లబడలే గావచ్చు." తర్వాత సారు వైపు చూసి మెల్లగా అడిగింది, "బతుకుతదా సారూ?"

ఆమె మీద కోపం రాలేదు. ఏ రంధ్రం ఎందుకుందో ఆమెకు ఎవరు చెప్పారు గనుక. చంటిపిల్లకు చేసినంత శ్రద్ధగా చేసింది. పని నేర్చుకునేవాళ్ళు పట్టుకోవలసింది ఇదే: నూనె దారులను కడిగి ఊదేది ముందు కాదు, చివర. ఇంకెవరి చెయ్యీ పడదు అన్నప్పుడు.

బతుకుతుందో లేదో ఆ పూట నాకూ తెలియదు. సిలిండరు బ్యారెల్‌ను పైకెత్తి రాడ్డును రెండు చేతులతో పట్టుకుని కిందికీ పైకీ లాగి చూశాను. సందు పుట్టి ఉంటే చేతికి చిన్నగా టిక్కుమని తగులుతుంది. కళ్ళు మూసుకుని ఒకసారి, క్రాంకు పావు వంతు తిప్పి మళ్ళీ ఒకసారి, చుట్టూ అన్నిచోట్లా చూశాను. ఏమీ తగల్లేదు. కట్టేటప్పుడు రోలర్ల మీద చిక్కటి నూనె ధారాళంగా పోయడం దాన్ని కాపాడింది. తెలివితో పోశానని చెప్పుకోవచ్చు కానీ, నూనె డబ్బా చెయ్యిజారి ఎక్కువ పడింది.

మళ్ళీ కట్టాం. ఈసారి మూత తియ్యగానే గొట్టం సన్నగా, ఆగకుండా చిమ్మింది. సారు దానికింద వేలు పెట్టి తడి చూసుకున్నాడు. కమిటీ పెద్దల దగ్గరికి తానే నడుపుకుంటూ పోయి చూపించాడని తర్వాత తెలిసింది.

వాన

ఆ ఏడు వానలు గట్టిగానే పడ్డాయి. ఒకరోజు మధ్యాహ్నం కొట్టు ముందు నీళ్ళు నిలిచి, టైలరూ నేనూ చూరు కింద నిలబడి ఉన్నాం. మోర్తాడ్ వైపు నుంచి ఆ శబ్దం ముందు వినపడింది, తర్వాత బండి కనపడింది. సారు తల మీద గోనె కప్పుకుని వంగి నడుపుతున్నాడు. తొట్టి మీద తార్పాలిన్ కట్టి ఉంది. దాని కింద ఒక ముసలావిడ గొడుగు అడ్డం పెట్టి, పక్కనున్న మనిషిని హత్తుకుని కూర్చుంది. ఆ మనిషి చెయ్యి మాత్రం బయటికి కనపడుతోంది, తొట్టి అంచును గట్టిగా పట్టుకుని.

సారు నా కొట్టు వైపు తల తిప్పలేదు. గేరు మార్చాడు, నీళ్ళు ఎగజిమ్ముకుంటూ బండి ఆర్మూర్ దవాఖాన వైపు పోయింది.

టైలరు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాను. శబ్దం సన్నబడే దాకా విన్నాను. ఎక్కడా టక్కుమనలేదు.